ఎదిగే వయసులో గంజాయి

తుర్కపల్లిలో ఒక తల్లి ఉందనుకోండి. మందుల కంపెనీలో ఊడ్చే పనికి పోతుంది. కొడుక్కి పదిహేనేళ్లు. తోటి పిల్లలందరూ పొడుగైపోయారు. వీడు మాత్రం ఎదుగుతలేడు. కళ్లు ఎర్రగా ఉంటాయి. బడి అంటే చిరాకు. తల్లి టానిక్ కొని తెచ్చింది. దిష్టి తీసింది. ఒకరోజు అంగీ ఉతుకుతుంటే జేబులో సన్నని కాగితాలు దొరికాయి. అవేమిటో ఆమెకు తెలియలేదు.

అవి గంజాయి చుట్టుకునే కాగితాలు.

గంజాయి ఒక మొక్క. దాని పూత, ఆకు ఎండబెట్టి బీడీలాగా చుట్టి తాగుతారు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండల నుంచి అది దొంగచాటుగా హైదరాబాదుకు వస్తుంది. గంజాయి కలిపిన చాక్లెట్లను కూడా పోలీసులు చాలాసార్లు పట్టుకున్నారు.

"ఆకే కదా! సాధువులు తాగుతలేరా?" అని కొందరు అంటారు. గంజాయి పెద్దవాళ్లకూ మంచిది కాదు. పిల్లలకైతే నష్టం ఇంకా ఎక్కువ. ఎందుకంటే పిల్లలు ఇంకా ఎదగాలి.

వరి పొట్టకొచ్చినప్పుడు నీళ్లు అందకపోతే ఏమవుతుంది? గింజ తాలుపోతుంది. తర్వాత చెరువు నీళ్లన్నీ పెట్టినా ఆ గింజ నిండదు. మనిషికీ అట్లాంటి కాలం ఒకటుంది. మగపిల్లలు సుమారు 12 నుంచి 17 ఏళ్ల మధ్య తొందరగా ఎత్తు పెరుగుతారు. ఆడపిల్లలు అంతకన్నా ముందే పెరుగుతారు. ఆ తర్వాత ఎముకలు పెరగడం ఆగిపోతుంది.

ఈ ఎదుగుదలను నడిపేది మెదడు. మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. ఎదుగుదలకు కావలసిన హార్మోను అందులోనే తయారవుతుంది. గంజాయి మత్తు పని చేసేది మెదడు మీదే.

పాకిస్తాన్‌లోని రావల్పిండి శాస్త్రవేత్తలు గంజాయి తాగే 217 మంది మగపిల్లలను, తాగని 220 మందిని పరీక్షించారు. 2015లో ఫలితాలు చెప్పారు. తాగేవాళ్లలో ఎదుగుదల హార్మోను తక్కువగా ఉంది. 20 ఏళ్లు వచ్చేసరికి తాగనివాళ్లు సగటున 4 కిలోలు ఎక్కువ బరువున్నారు. 4 అంగుళాలకు పైగా ఎక్కువ ఎత్తున్నారు.

ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు. పొట్టిగా ఉన్న ప్రతి పిల్లవాడూ గంజాయి తాగుతున్నట్టు కాదు. తిండి చాలకపోయినా, జబ్బు ఉన్నా ఎదుగుదల తగ్గుతుంది. తల్లిదండ్రులు పొట్టివాళ్లయితే పిల్లలూ పొట్టిగా ఉండొచ్చు. అసలు కారణం డాక్టరే చెప్పాలి.

ఎత్తు కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. మనిషి మెదడు సుమారు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. గంజాయి తాగే పిల్లలకు జ్ఞాపకశక్తి తగ్గుతుంది. చదువు మీద మనసు నిలవదు. కొందరికి లేనిపోని భయాలు, అనుమానాలు పట్టుకుంటాయి. చిన్న వయసులో మొదలుపెట్టిన ఆరుగురిలో సుమారు ఒకరు దానికి బానిస అవుతారు.

మరి ఆ తల్లి ఏం చేయాలి?

కొట్టొద్దు. ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దు. కొడితే దాచుకొని తాగుతాడు. పక్కన కూర్చోబెట్టుకొని అడగాలి. ఎప్పుడు మొదలుపెట్టాడు? ఎవరు ఇచ్చారు? 14446 నంబరుకు ఫోన్ చేయొచ్చు. డబ్బులు పడవు. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. అది సర్కారు దవాఖాన.

"పోలీసులకు తెలిస్తే పిల్లవాణ్ణి జైల్లో వేస్తారేమో" అని తల్లులు భయపడతారు. ఆ భయంతో విషయం దాస్తారు. కానీ 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే ఒక రక్షణ ఉంది. గంజాయికి అలవాటుపడి, కొద్దిపాటి గంజాయితో పట్టుబడినవాళ్లు తామే ముందుకొచ్చి సర్కారు గుర్తించిన చోట చికిత్స పూర్తి చేసుకుంటే శిక్ష తప్పుతుంది. పిల్లలకు మత్తుమందు ఇచ్చినవాళ్లకు మాత్రం 7 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడతాయి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఆ మాట చెబుతుంది.

తుర్కపల్లి చుట్టూ ఎన్నో మందుల కంపెనీలు ఉన్నాయి. దాటిపోయిన ఎదిగే వయసును తిరిగి తెచ్చే మందు మాత్రం ఏ కంపెనీలోనూ తయారు కాదు. అందుకే పొట్టకొచ్చిన పైరును కాపాడుకున్నట్టే ఎదిగే పిల్లవాణ్ణి కాపాడుకోవాలి.

మాట్లాడుకోండి: మీ వాడలో పిల్లలు సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు? వాళ్ల దగ్గరికి ఎవరెవరు వస్తున్నారు? సంఘం మీటింగులో ఈ మాట ఎప్పుడైనా వచ్చిందా?