వడ్ల కేంద్రంలో తెర, దాని వెనుక పెట్టె

యాసంగి వడ్లు కల్లాలకు చేరేది ఏప్రిల్, మే నెలల్లో. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టులో ఉన్న గరిడేపల్లి వంటి మండలంలో ఆ రోజుల్లో కొనుగోలు కేంద్రానికి వచ్చిన రైతుకు తెలియాల్సినవి కొన్నే. తేమ 17 శాతం దాటకూడదు. 2025–26కు క్వింటాలు మద్దతు ధర సాధారణ రకానికి 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. వీటిని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించవచ్చు. కానీ ఈ రోజు ఎవరి టోకెన్ వరకు కాంటా పడుతుంది, గన్నీ సంచులు వచ్చాయా, సాయంత్రం వాన ఉందా అన్నవి పూటపూటకూ మారతాయి. మారే సమాచారానికి మారగల తెర కావాలి.

మన పల్లెలకు తెర కొత్తది కాదు. 2024 మార్చి 6న మొదలైన తెలంగాణ ప్రభుత్వ రైతు నేస్తం కార్యక్రమం తొలి విడతలోనే 110 రైతు వేదికలకు వీడియో కాన్ఫరెన్సు సదుపాయం వచ్చింది. అయితే కాన్ఫరెన్సు నడిచినంతసేపూ మనుషులు దగ్గరుంటారు. నోటీసు తెర అలా కాదు, పొద్దున్నుంచి రాత్రిదాకా ఒంటరిగా పనిచేయాలి. దాన్ని నడిపించేది టీవీ వెనుక అమర్చే చిన్న కంప్యూటర్. దాన్నే మీడియా ప్లేయర్ అంటారు. తెర కొనేటప్పుడు పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ పెట్టె మీద పెట్టకపోవడం వల్లే చాలా తెరలు కొన్నాళ్లకే నల్లబడిపోతాయని నా నమ్మకం.

మంచి ప్లేయర్ దేన్నీ నెట్ నుంచి నేరుగా ప్రదర్శించదు. బొమ్మలు, వీడియోలు, వేళల పట్టిక అన్నీ ముందే తన మెమరీలోకి దింపుకుని అక్కడి నుంచి చూపిస్తుంది. ప్రకటనలు ఎక్కించే సర్వర్ మార్పులను మాత్రమే పంపుతుంది. కాబట్టి నెట్ పోయినా ప్రదర్శన ఆగదు. సెకనుకు 5 మెగాబిట్ల వీడియో నిమిషానికి సుమారు 37.5 మెగాబైట్లు అవుతుంది. అది రాత్రిపూట దిగేలా పెట్టుకుంటే సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట కూడా ఇబ్బంది ఉండదు. ఉచితంగా దొరికే క్సిబో వంటి సాఫ్ట్‌వేర్, 2012లో కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన రాస్ప్‌బెరీ పై వంటి చౌక కంప్యూటర్ ఈ పనిని చిన్న పంచాయతీకీ అందుబాటులోకి తెచ్చాయి.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు. ఎండాకాలపు గాలిదుమారానికి లైను పోవడం, రావడం, మళ్లీ పోవడం మామూలే. మెమరీ కార్డు మీద ఏదో రాస్తున్న క్షణంలో విద్యుత్తు ఆగితే ఫైళ్ల అమరిక చెడిపోయి పెట్టె మళ్లీ లేవకపోవచ్చు. అందుకే వ్యవస్థ ఉన్న భాగాన్ని చదవడానికి మాత్రమే వీలుండేలా తాళం వేసి, రాతలకు వేరే భాగం కేటాయించాలి. రెండోది గడియారం. రాస్ప్‌బెరీ పై 4లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. నెట్ లేకుండా లేచిందంటే చివరిసారి రాసిపెట్టుకున్న సమయం నుంచే లెక్క మొదలుపెడుతుంది, ఉదయపు ప్రకటన మధ్యాహ్నం వస్తుంది. 2023లో వచ్చిన 5లో గడియారం ఉంది కానీ బ్యాటరీ విడిగా తగిలించాలి. చిన్న ఖర్చే కదా, ఆ బ్యాటరీని వదిలేయకూడదు. ఇక మూడోదాన్ని ఎవరూ ముందుగా ఊహించరు. పెట్టె లేచి ప్రదర్శన మొదలుపెట్టినా టీవీ స్టాండ్‌బైలోనే ఉండిపోవచ్చు. కరెంటు రాగానే తనంతట తాను వెలిగే సెట్టింగు ఉన్న టీవీనే కొనాలి. టీవీకంటే ముందు పెట్టె లేస్తే ఎదుట తెర లేదనుకుని బొమ్మ పంపకపోవచ్చు కూడా. ఏ రిజల్యూషన్‌లో పంపాలో ముందే గట్టిగా నిర్ణయించి పెడితే ఆ చిక్కు తీరుతుంది. సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతే పెట్టెను తానే తిరిగి లేపే వాచ్‌డాగ్ చిప్పులోనే ఉంటుంది, దాన్ని ఆన్ చేసి ఉంచాలి.

ఇవన్నీ బిగించాక పదిసార్లు ప్లగ్గు పీకి చూడాలి. పదిసార్లూ రిమోట్ ముట్టుకోకుండా బొమ్మ వచ్చినప్పుడే పని పూర్తయినట్టు.

వేడి సంగతీ ఉంది. చిప్పు 80 డిగ్రీలకు చేరితే రాస్ప్‌బెరీ పై తన వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, వీడియో తడబడుతుంది. రేకుల షెడ్డు కింద, టీవీ వెనుక గాలాడని సందులో పెట్టెను ఇరికించకూడదు. ఇంట్లో వాడే టీవీ వెలుగు ఎండలో చాలదు, కనుక తెరను నీడపట్టునే గోడకు బిగించాలి.

ఇక తెలుగు. మన పట్టణాల డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలా పని యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోనే జరుగుతుంది. ఆ పాఠాన్ని యథాతథంగా ప్లేయర్‌లో అతికిస్తే అర్థంలేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. బొమ్మగా మార్చి పంపడం ఒక దారి. రోజూ మారే అంకెలకు మాత్రం యూనికోడ్ తప్పదు. పెట్టెలో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల స్థానంలో ఖాళీ గళ్లు వస్తాయి. ఫాంటు ఉన్నా, ఒత్తులను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి సాధనం లేకపోతే ‘క్వింటాలు’ అన్న మాటలో పొల్లు బయటపడి ఒత్తు విడిపోతుంది. నోటో, మండలి వంటి ఉచిత ఫాంట్లు వేసి, ఒత్తులున్న మాటలతోనే పరీక్షించాలి. ఒత్తులు వరుస కిందికి దిగుతాయి కాబట్టి ఇంగ్లీషుకంటే పెద్ద అక్షరం, ఎక్కువ ఎడం అవసరం. కళ్లు మసకబారిన పెద్ద రైతు ఇరవై అడుగుల నుంచి చదవగలగాలి.

నిర్వహణలో నేను అన్నిటికంటే ముందు పెట్టేది గడువు తేదీ. పాత ధర చూపే తెర ఖాళీ తెరకంటే హానికరం, దాన్ని నమ్మి రైతు వడ్లు ఎత్తుకుని వస్తాడు. ప్రతి ప్రకటననూ ఎక్కించేటప్పుడే అది ఎప్పుడు దిగిపోవాలో రాయాలి. గడువు తీరని ప్రకటన ఒక్కటీ మిగలకపోతే తేదీ, కేంద్రం ఫోన్ నంబరు మాత్రమే కనిపించాలి. ప్లేయర్ కొద్ది నిమిషాలకొకసారి తన క్షేమం సర్వర్‌కు చెప్పాలి, తెర మీద ఉన్నదాని ఫొటో అప్పుడప్పుడూ పంపాలి. పాస్‌వర్డు ఇద్దరి దగ్గరే ఉండాలి, కంపెనీ ఇచ్చిన మొదటి పాస్‌వర్డు ఒక్కరోజు కూడా ఉండకూడదు. ఇక తెర మీద పెట్టే సాగు సలహాలకు గరిడేపల్లి మండలంలోనే గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వాతావరణ శాఖ వ్యవసాయ సలహా బులెటిన్లు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి కనుక మంగళవారం ఎక్కించినదానికి శుక్రవారం సాయంత్రం, శుక్రవారం నాటిదానికి మంగళవారం సాయంత్రం గడువుగా పెడితే సరిపోతుంది.