తూము మూసిన మాత్ర

బోనకల్ స్టేషనులో ఖమ్మం వెళ్ళే పొద్దుటి బండికోసం నిలబడ్డాం, నేనూ మా బావా. బావ చంకలో గుడ్డసంచీ, అందులో నాలుగేళ్ళ రక్తపరీక్షల కాగితాలు. బండి ఇంకా రాలేదు. బావ ఉన్నట్టుండి నవ్వి, "ఎందుకోయ్ బామ్మర్దీ యీ తిరుగుడు? రెండు నెలలుగా నేనా బిళ్ళ మింగడమే లేదు. చూడు, రాయిలా ఉన్నాను" అన్నాడు.

నా గుండె గుభేలుమన్నది.

నాలుగేళ్ళ కిందట సంగతి చెప్పాలి. మిరపకోతల రోజులు. బావ నాలుగడుగులు వేస్తే ఆయాసపడి గట్టుమీద కూలబడేవాడు. రాత్రిళ్ళు పక్కబట్టలు తడిసేలా చెమటలు. ఎడమడొక్కలో గట్టిగా ఏదో చేతికి తగిలేది. వయసులో ఉండగా ఆయన భద్రాచలం అడవుల్లో తునికాకు కళ్ళాలమీద పనిచేసి చలిజ్వరాలు పడ్డవాడే. అందుచేత ముసలమ్మలంతా అది మన్యపుజ్వరం మిగిల్చిన 'బల్ల' అని తేల్చేశారు. వాతలు పెట్టించమన్నవాళ్ళూ లేకపోలేదు. నేను ముప్పయ్యేళ్ళు పిల్లలకు సైన్సు చెప్పినవాణ్ణి గదా, నేనూ అదే నమ్మాను!

ఖమ్మంలో రక్తం చూశారు. తెల్లకణాలు మామూలుగా 11 వేలు దాటకూడదు. బావకు 1 లక్షా 80 వేలున్నాయి. హైదరాబాదులో పేరు చెప్పారు: క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. డాక్టరుగారు రోజుకొక్క మాత్ర, 400 మిల్లీగ్రాములది, రాసిచ్చి ఇంటికి పొమ్మన్నారు. మా అక్కయ్య గేటు బయటకు వచ్చాక భోరుమన్నది. "కాన్సరుకు ఒక్క బిళ్ళా? ఇహ లాభంలేదని పంపించేశార్రా!" అన్నది.

మూడు నెలలయ్యేసరికి కణాల లెక్క దారికొచ్చింది. డొక్కలో బల్ల కరిగింది. బావ మళ్ళీ చేలో దిగాడు. ఇప్పుడు చిక్కల్లా అదే. ఒంట్లో ఏ బాధా లేని మనిషిచేత మందు మింగించడం ఎలా?

ప్లాట్‌ఫారం బెంచీమీద కూర్చోబెట్టి, ఆయనకు తెలిసిన భాషలోనే చెప్పాను.

"బావా, మన బోనకల్ బ్రాంచి కాలవ తూము దగ్గర లష్కరు ఉంటాడా? పైనించి కబురొస్తే షట్టరెత్తుతాడు, వద్దంటే దించుతాడు. రక్తకణంలోనూ అలాంటి లష్కర్లున్నారు. 'పెరుగు' అని కబురొస్తేనే కణం రెండవుతుంది. ఏబీఎల్ అనేది అలాంటి ప్రోటీను. దాని జన్యువు 9వ క్రోమోజోము మీద ఉండాలి. నీ ఎముకల మూలుగలో ఒకానొక కణంలో 9వదీ 22వదీ తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కున్నాయి. అక్కడి బీసీఆర్ అనేదానితో కలిసి ఏబీఎల్‌కు మతి చెడింది. కబురు లేకుండానే షట్టరెత్తి పట్టుకున్నది. ఇహ రాత్రీ పగలూ నీళ్ళే!"

ఈ పొట్టి క్రోమోజోమును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనేవారు చూశారు. అది ముక్కల మార్పిడి అని 1973లో జానెట్ రౌలీ అనే ఆవిడ గుర్తుపట్టింది. ఏబీఎల్ అన్న పేరు ఎలుకలకు లుకేమియా తెచ్చే ఏబెల్సన్ వైరస్‌నించి వచ్చింది. ఆ వైరస్ జన్యులిపిని పూర్తిగా చదివి 1983లో ప్రకటించినవారిలో ఉస్మానియాలో డాక్టరేటు పుచ్చుకున్న ప్రేమ్‌కుమార్ రెడ్డిగారొకరు. పిమ్మట నికొలస్ లైడన్, బ్రయన్ డ్రూకర్ మొదలైనవారి కృషితో ఇమాటినిబ్ వచ్చింది. షట్టరు తిప్పే పిడి దూర్చే బెజ్జం ఉంటుందే, సరిగ్గా దాంట్లో ఈ మందు చీలలా కూర్చుంటుంది. లష్కరు అక్కడే ఉంటాడు, షట్టరు మాత్రం ఎత్తలేడు. అంతకుముందు మందు పనిచేయని 54 మందికి ఇది తగిన మోతాదులో ఇస్తే 53 మందికి రక్తం లెక్క సరిపడిందని 2001లో ప్రకటించారు.

మందుతో లుకేమియాను వెనక్కి తగ్గించవచ్చునని మొదట చూపిన కథలోనూ మనవాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీలో పరిశోధన నడుపుతుండగా తయారైన అమినాప్టెరిన్‌ను, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చాడు. 1948లో ప్రకటించిన 16 మందిలో 10 మందికి గుణమిచ్చింది, కాని నిలవలేదు. ఆ మందు ఫోలిక్ ఆమ్లం దక్కకుండాచేసి కణాలను మాడ్చేది. అంటే మొత్తం కాలవకే నీళ్ళు ఆపడమన్నమాట, మంచి చేలూ ఎండేవి. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావుగారు పోయారు.

"ఇంతకీ ఖరీదెంత?" అన్నాడు బావ. రైతు గదా!

కంపెనీవారి గ్లివెక్ నెలకు 1 లక్షా 20 వేల రూపాయలదాకా పలికింది. హైదరాబాదు నాట్కో కంపెనీ 2003లో 'వీనాట్' పేరిట అదే మందు తెచ్చింది. పేటెంటు తగాదా సుప్రీంకోర్టుదాకా పోయి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ ఓడింది. ఇక్కడి తయారీ అప్పటికే నెలకు 8, 10 వేలలో దొరికేది. ఆ తీర్పు అటూయిటూ అయితే నాలుగెకరాల మిరప ఎన్ని నెలల మందుకు వచ్చేదో బావే లెక్కవేసి, నోరు మూసుకున్నాడు.

హైదరాబాదులో రక్తం ఇచ్చి వచ్చాం. ఒంటికి తెలియకపోయినా కాగితానికి తెలిసింది. తగ్గిన బీసీఆర్-ఏబీఎల్ మళ్ళీ పైకెగబాకింది. చీల తీశాం గదా, పిడి దూరింది!

డాక్టరుగారు కోప్పడలేదు. మందు మళ్ళీ మొదలుపెట్టించి, "ఆపి ఆపి మింగితే ఆ బెజ్జం ఆకారమే మారిపోవచ్చు, అప్పుడీ చీల పట్టదు" అన్నారు. అందుకు డాసాటినిబ్, నిలోటినిబ్, వాటికీ లొంగని ఒక మార్పుకు పొనాటినిబ్ ఉన్నాయట. "ఎన్నాళ్ళు మింగాలి?" అని బావ అడిగాడు. చాలా ఏళ్ళు పరీక్షలో జాడే కనపడనివారికి మేం చూస్తూ ఆపుతామనీ, అలా ఆపినా సుమారు సగంమందికి తిరిగొస్తుందనీ, వాళ్ళకు మళ్ళీ మందిస్తే లొంగుతుందనీ చెప్పారు. "మీరు ఆపినట్టు కాదు" అన్నారు నవ్వుతూ.

మూడు నెలల తరవాత లెక్క మళ్ళీ దిగింది. ఇప్పుడు అట్ట అక్కయ్య పోపులడబ్బాలో ఉంటుంది. రాత్రి బావ అన్నం తిన్నాక తనే విప్పి చేతిలో పెడుతుంది, మింగి గ్లాసు కింద పెట్టేదాకా కదలదు.

"ఏమోయ్ బామ్మర్దీ, మీ అక్కే లష్కరయింది!" అంటాడు బావ.