గాలమునకు ఏ ఎర?

చెరువుగట్టున గాలము వేసి కూర్చున్నవారిని చేప దేనికి వచ్చునని అడిగినచో, ఒకరు వానపామందురు. వేరొకరు అంగడిలో కొన్న పరిమళపు ముద్ద అందురు. ఎరను గూర్చి తగవులాడుటకు ముందు చేపను గూర్చి విచారింపవలెను.

చేపకు ముక్కుపుటములు కలవు. అవి ఊపిరికి గాక వాసనకే. అయితే నీట కరగినదే దానికి వాసన. మనకు ఘుమఘుమలాడు నూనె నీటిపై తేలిపోవును. వానపామును త్రుంచినప్పుడు దాని దేహరసమందలి అమైనో ఆమ్లములు నీట కలిసి వ్యాపించును. మీసములనిండ రుచి నెరుగు మొగ్గలు గల జెల్ల, వాలుగ బురదనీటి చీకటిలో సైతము ఆ జాడ పట్టి వచ్చును. వీనికి అట్టి రసము కలిపిన పిండిముద్దయు చాలును, ఎరకు ప్రాణముండనక్కరలేదు.

కొరమీను దారి వేరు. అది ముఖ్యముగా కంటితో వేటాడును. కదలికయే దానిని రప్పించును. అందుకే బ్రతికిన కప్పను గాలమునకు గ్రుచ్చుదురు. ఆ కప్ప గిలగిల కొట్టుకొనుట చూడ నాకెన్నడును మనసొప్పలేదు. నీటిమీద గెంతునట్లు లాగనేర్చినవానికి రబ్బరు కప్పయు ఆ పనియే చేయును. దానికి పరిమళము పూసి అధికమడిగినచో, ఆ పైకము మిగుల్చుకొనవచ్చును. పిల్లలగుంపును కాచుకొని తిరుగు కొరమీనుల కడ మాత్రము ఏ ఎరయు వేయరాదు. తల్లియు తండ్రియు ఆకలిచే గాక రోషముచే ఎరను కరచును. పిదప ఆ పిల్లలు తక్కిన చేపల పాలగును.