తోలుబొమ్మలాటయు ప్రతిస్పందన కళయు

నవీన కళారూపములను గూర్చి ముచ్చటించునప్పుడు "ఇంటరాక్టివ్ కళ" యను మాట నేడు తఱచుగా వినవచ్చుచున్నది. దీనిని తెలుగున ప్రతిస్పందన కళ యనవచ్చును. గోడపై వ్రేలాడు చిత్రమును మనము చూచి పోవుదుము, చిత్రము మాఱదు. ప్రతిస్పందన కళ యట్టిది కాదు. ప్రేక్షకుడు కదలినచో కృతియు కదలును; అతడు లేనిచో కృతి యసంపూర్ణము. ఈ లక్షణము కంప్యూటరుతో పుట్టినదా, లేక మన దేశికళలయందు పూర్వమే కలదా యని విచారించుట తెలుగు పరిశోధకులకు అప్రస్తుతము కాదు.

ఈ కళకు తొలి యుదాహరణములలో మైరన్ క్రూగర్ అమెరికాలో 1970 దశకమున రూపొందించిన "వీడియోప్లేస్" ప్రసిద్ధము. ప్రేక్షకుడు వెలుగుచున్న తెరకు ముందు నిలుచును. కెమెరా అతని యాకారమును గ్రహింపగా, యంత్రము దాని యంచులను గుర్తించి నీడవలె నెదుటి తెరపై చూపును. అచ్చట నొక చిన్న గీతారూపము ప్రాణమున్నదానివలె ఆ నీడవెంట తిరుగుచు దానిపైకి ప్రాకును. తెర, వెలుతురు, నీడ అను నీ మూడు సాధనములను వినినంతనే తెలుగువారికి తోలుబొమ్మలాట స్మృతికి వచ్చుట సహజము.

తోలుబొమ్మల ప్రసక్తి పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమునందే కలదు. శుద్ధిచేసిన తోలు పలుచనై వెలుతురును లోనికి రానిచ్చును. అందుచే రంగులు తెరపై ప్రకాశించును. చెక్కిన రంధ్రములు నగలై మెఱయును. బొమ్మను తెరకు ఆనించినచో రూపము స్పష్టమగును; దీపమువైపు జరిపినచో పెద్దదై మసకబాఱును. కీళ్లవద్ద విడిగా కూర్చిన చేతులు కదలుటవలన సంభాషణకు అభినయము చేకూరును.

ఇదంతయు యంత్రభాగము. ప్రతిస్పందన వేఱొకచోట కలదు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు మొదలగు హాస్యపాత్రలు రామాయణ కథను కొంతసేపు నిలిపి, ఆ యూరి సంగతులను ప్రస్తావింతురు. ఆటగాడు తెరవెనుకనుండి జనుల నవ్వును వినును. నవ్వు పెరిగినచో మాట పెంచును; సభ చల్లబడినచో కథను ముందుకు నడపును. కనుక ఆ రాత్రి ప్రదర్శనమున కొంతభాగము ప్రేక్షకులు కూర్చినదే.

అట్లని రెండును ఒకటే యనుట పొరపాటు. యంత్రము ముందుగా నేర్పఱచిన నియమములనుబట్టి బదులిచ్చును. ఆటగాడు సంప్రదాయమును, సమయమును, ఎదుటనున్న జనమును ఎఱిగి బదులిచ్చును. క్రూగర్ కృతిలో ప్రేక్షకుని దేహము నీడయై తెరపైకి వచ్చును. మన యాటలో ప్రేక్షకుని మాట ఆటగాని నోట తిరిగి వచ్చును.

ఈ భేదము గుర్తింపనిచో కలుగు నష్టము స్వల్పము కాదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట కళాకారులు నేడు దీపములకు తోలు కవచములు, గోడ యలంకారములు చేయుచున్నారు. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారు 2020లో పద్మశ్రీ పొందిరి. రాత్రి ప్రదర్శనములు తగ్గినపుడు ఈ వస్తువులు జీవనోపాధి నిచ్చినవి. అందులకు వారిని నిందింపరాదు. కాని ఆ దీపమున తోలు, రంగు, వెలుతురు మిగిలినవి. కథయు బదులును లేవు. అట్లే ప్రేక్షకులను విడిచి బొమ్మలను మాత్రము చిత్రీకరించి భద్రపఱచినచో మనకు మిగులునది సగమే.

మైసూరునుండి తరలివచ్చిన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రము 2020లో నెల్లూరు సమీపమున వెంకటాచలమునందు ప్రారంభమైనది. తాళపత్రమును పరిష్కరించునప్పుడు పాఠాంతరములను విడువరాదని మనము విద్యార్థులకు బోధించుచున్నాము. ఈ ప్రాంతమున పనిచేయు పరిశోధకులు ప్రదర్శనము విషయమునను ఆ నియమమునే పాటింపవలెను. రంగనాథ రామాయణము వంటి ద్విపద కావ్యములనుండి గ్రహించిన భాగములతోపాటు, ఆ రాత్రి పుట్టిన హాస్యమును, సభలో లేచిన నవ్వును, దానికి ఆటగాడిచ్చిన బదులును స్థలకాలములతో వ్రాసికొనవలెను. ఇక్కడ ప్రతి రాత్రియు నొక పాఠాంతరమే.

కొత్త యంత్రములతో తోలుబొమ్మను మరల తెరకెక్కింప దలచువారికిని ఇదియే ఆధారము. బొమ్మను కదలించుట యంత్రమునకు సులభము. ఎదుటివాని మాట విని బదులిచ్చుట యెట్లో ఆటగానివద్దనే నేర్వవలెను. ఆ విద్య నెఱిగిన వృద్ధులు జీవించియుండగనే ఆ పని జరుగవలెను.