మూడు ప్రయాణాల లెక్క

పండగ ముందు సాయంత్రం సుల్తాన్ బజార్‌లో కారు నడిపినవాళ్లకు తెలుసు: ఫస్ట్ గేరు, బ్రేకు, మళ్లీ ఫస్ట్ గేరు. బడీచౌడీ దగ్గర అలా ఇరుక్కుని ఉండగా మా పెట్రోలు కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. ముందురోజు కూడా అక్కడే అరగంట నిలబడ్డాం. నాలుగు రోజులకు లైటు దానంతటదే ఆరింది. హమ్మయ్య అనుకున్నాం. పది రోజులకు మళ్లీ వెలిగింది.

ఆ లైటు రోజుల్ని లెక్కపెట్టదు, ప్రయాణాల్ని లెక్కపెడుతుంది. చాలా లోపాలను కారులోని కంప్యూటరు మొదటిసారి చూసి ఊరుకుంటుంది, కానీ గుర్తుపెట్టుకుంటుంది. వరసగా 2వ ప్రయాణంలోనూ అదే కనిపిస్తే లైటు వేస్తుంది. ఆ తర్వాత వరసగా 3 ప్రయాణాల్లో అదే పరీక్ష జరిగి, లోపం కనబడకపోతే ఆర్పేస్తుంది. లైటు ఆరినా ఆ లోపం కోడ్ మాత్రం మెమరీలోనే ఉంటుంది. లోపం మళ్లీ రాకుండా ఇంజిన్ 40 సార్లు వేడెక్కి చల్లారితేనే చెరిగిపోతుంది. వేడెక్కడానికీ లెక్కుంది: కూలెంట్ కనీసం 22 డిగ్రీలు పెరిగి, 70 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. రోజుకోసారి బండి తీసే ఇంట్లో 40 అంటే నెలా పది రోజులు.

"పరీక్ష జరిగి" అన్న మాట ముఖ్యం. ఉదాహరణకు, పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ ఆ పాళ్లను సుమారు 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ చెబుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాక ఉన్న రెండో సెన్సర్ నిలకడగా ఉండాలి. అదీ మొదటిదానిలాగే ఊగితే పీ0420 కోడ్ వస్తుంది. ఈ పరీక్షకు చాలా కార్లలో నిలకడైన వేగం కావాలి. సుల్తాన్ బజార్ నుంచి ఆబిడ్స్‌కు పాకుతూ వెళ్తే అది మొదలే కాకపోవచ్చు. అలాంటప్పుడు లైటు ఆరడానికి కావలసిన 3 ప్రయాణాల్లో ఒక్కటీ లెక్కకు రాదు.

లైటు మినుకుమినుకుమంటే మాత్రం ఆగకుండా నడపొద్దు. ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తోందని అర్థం. పక్కకు తీసి ఆపండి.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరైన ఈ తనిఖీ పద్ధతి, మన దేశంలో ఇలాంటి నిబంధనల రెండో అంచెగా 2013 ఏప్రిల్‌లో వచ్చింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్ పెడితే కోడ్‌తోపాటు, లోపం వచ్చిన క్షణంలో వేగమెంత, కూలెంట్ వేడెంత అన్నదీ కనబడుతుంది. మేం మొదట వెళ్లిన మెకానిక్ అవేవీ రాసుకోకుండా కోడ్ డిలీట్ చేసి పంపాడు. లైటుతోపాటు సాక్ష్యమూ పోయింది. మీరు వెళ్తే, డిలీట్ చేయకముందే స్క్రీన్‌ను ఫోటో తీసుకోండి.

లైటు మళ్లీ వెలిగాక ఇంకొకరి దగ్గరకు వెళ్తే పీ0302 అని వచ్చింది. చివరి అంకె సిలిండర్‌ది: రెండోది మిస్సవుతోంది. ట్రాఫిక్‌లో బానెట్ కింద వేడి పెరిగినప్పుడే ఇగ్నిషన్ కాయిల్ మొరాయిస్తుందేమోనని ఆయన అనుమానం. ఆ కాయిల్ తీసి మూడో సిలిండర్‌కు పెట్టి, మళ్లీ సుల్తాన్ బజార్ ట్రాఫిక్‌లోకే వెళ్లి రమ్మన్నాడు. వెళ్లొచ్చాం. ఈసారి స్కానర్ మీద పీ0303.