ఆటలో గెలుపు, లెక్కలో ఓటమి

ఇంగ్లండు దేశమున మాంచెస్టరు నగరమునకు ఉత్తరముగా బెరీ అను ఊరు కలదు. ఒకప్పుడు నూలు మిల్లులకు, కాగితపు మిల్లులకు పేరువడిన ఊరు. 2019వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీన ఆ ఊరి ప్రజలు వందలకొలదిగా చీపుళ్ళు చేతబట్టి గిగ్ లేన్ అను ఫుట్‌బాలు మైదానమునకు వచ్చిరి. మెట్లు ఊడ్చిరి, కుర్చీలు తుడిచిరి. రాబోవు శనివారము అచట ఆట జరుగునని వారి ఆశ. అప్పులలో మునిగిన తమ క్లబ్బును కొనుటకు ఒక సంస్థ ముందుకు వచ్చినదని వారు వినియుండిరి. అంతకు కొలది దినముల ముందే, పూర్వము ఆ క్లబ్బులో డైరెక్టరుగా పనిచేసిన ఒక మహిళ తన చేతిని సంకెలతో మైదానపు గోడనున్న నీటి గొట్టమునకు బంధించుకొని నిరసన తెలిపియుండెను. కాని ఆ మధ్యాహ్నమే కొనదలచిన సంస్థ వెనుదీసినది. ఆ రాత్రియే లీగు అధికారులు బెరీ క్లబ్బును లీగునుండి బహిష్కరించిరి.

అది నిన్న మొన్న పుట్టిన క్లబ్బు కాదు. 1885లో స్థాపింపబడినది. 1894లో లీగున చేరినది. 1900లోను, 1903లోను ఇంగ్లండు కప్పును గెలుచుకొన్నది. 1903 నాటి తుదిపోటీలో డెర్బీ కౌంటీ జట్టును ఆరు గోళ్ళకు సున్నగా ఓడించినది. అన్నింటికంటె వింత యేమనగా, బహిష్కరణకు నాలుగు మాసముల ముందే ఆ జట్టు తన తరగతిలో రెండవ స్థానము సంపాదించి పై తరగతికి ఎక్కినది. గెలిచిన ఆటగాండ్రకు మాత్రము నెలల తరబడి జీతములు ముట్టలేదు. ఆటలో నెగ్గిన క్లబ్బు లెక్కలో ఓడినది.

ఇట్టి దుస్థితి రాకుండుటకే ఐరోపా ఖండమున ఫుట్‌బాలు క్లబ్బుల ఖర్చులకు కొన్ని నియమములు ఏర్పడినవి. అవి ఎట్లు పుట్టినవి, ఎవరిని కాపాడినవి, ఎవరిని శిక్షించినవి అను విచారణ ఆటయందు ఆసక్తి లేనివారికిని ఉపయోగకరమే. ఏలన, ఊరందరి ప్రేమకు పాత్రమైన వస్తువు ఒక్కని చేతిలో ఉన్నప్పుడు దానికి రక్షణ యేమి అనునదే ఇందలి అసలు ప్రశ్న.

వర్తకుడు నష్టము వచ్చినచో ఖర్చు తగ్గించుకొనును. ఫుట్‌బాలు క్లబ్బు యజమాని అట్లు చేయ జంకును. ఇంగ్లండులో లీగులు నిచ్చెన మెట్లవంటివి. పై మెట్టున ఇరువది క్లబ్బులుండును. ఏటేట అందు అడుగున నిలిచిన మూడు క్లబ్బులు క్రిందికి దిగవలెను. క్రిందినుండి మూడు పైకెక్కును. దిగిన క్లబ్బునకు టెలివిజను వలన వచ్చు రాబడిలో పెద్ద భాగము పోవును. కావున ఇంకొక మంచి ఆటగానిని కొన్నచో గండము గడచునని ప్రతి యజమానియు తలచును. పొరుగువాడును అట్లే తలచును. తిరునాళ్ళలో రథమును చూచుటకు ముందువాడు మునివేళ్ళపై నిలిచినచో వెనుకవాడును నిలువక తప్పదు. అందరును నిలిచిన పిమ్మట కాళ్ళు నొచ్చుటయే గాని ఎవనికిని అదనముగా కనబడునది లేదు. ఈ పోటీలో ‘అప్పు చేసి పప్పుకూడు’ అను సామెత ఏటేట నిజమగుచుండును.

ఖర్చునకు కళ్ళెము వేయవలెనను తలంపు క్రొత్తది కాదు. 1885లో ఇంగ్లండు ఫుట్‌బాలు సంఘము డబ్బు తీసికొని ఆడుటకు అనుమతించినది. 1901లో ఆటగాని జీతము వారమునకు 4 పౌనులు మించరాదని నియమము వచ్చినది. ఆ పరిమితి అరువది సంవత్సరములు నిలిచినది. 1961 నాటికి అది 20 పౌనులకు మాత్రమే పెరిగినది. వేలకొలది జనము టిక్కెట్లు కొని ఆట చూచుచుండగా, ఆడువానికి దక్కినది అంతయే. జిమ్మీ హిల్ నాయకత్వమున ఆటగాండ్ర సంఘము సమ్మెకు సిద్ధపడగా 1961 జనవరిలో ఆ నియమము రద్దయ్యెను. వెంటనే ఫుల్‌హాము క్లబ్బు జానీ హేన్సు అను ఆటగానికి వారమునకు 100 పౌనులు ఇచ్చినది. మొదటి నియమము క్లబ్బుల పెట్టెను కాపాడినమాట నిజమే. కాని దాని బరువంతయు ఆడువాని భుజముపై పడినది.

పిమ్మట గాలి ఎదురు తిరిగినది. 1992లో ప్రీమియర్ లీగు ఆరంభమై టెలివిజను రాబడి వరదవలె వచ్చినది. 1995 డిసెంబరులో బోస్మన్ అను బెల్జియము ఆటగాని వ్యాజ్యమున ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది. దాని ప్రకారము, ఒప్పందపు గడువు తీరిన ఆటగాడు పాత క్లబ్బునకు ఏ రుసుమును దక్కకుండగనే ఐరోపా సమాజమునందలి వేరొక దేశపు క్లబ్బునకు పోవచ్చును. ఆటగానికి న్యాయము జరిగినది. జీతములు ఆకాశమునకు ఎగసినవి. లీడ్సు క్లబ్బు రాబోవు రాబడిని నమ్ముకొని అప్పులు చేసి, 2001లో ఐరోపా ఛాంపియన్సు లీగు సెమీఫైనలు వరకు పోయినది. ఆశించిన రాబడి రాలేదు. 2004లో పై తరగతినుండి జారి, 2007లో మూడవ తరగతికి పడిపోయినది. పోర్ట్స్‌మత్ క్లబ్బు 2008లో ఇంగ్లండు కప్పు గెలిచినది. రెండేండ్లు తిరుగకుండ, 2010 ఫిబ్రవరిలో, అప్పులు తీర్చలేక చట్టప్రకారము పరుల నిర్వహణలోనికి పోయినది. తుదకు 2013లో ఆ క్లబ్బును అభిమానులే చందాలు వేసికొని కొనవలసివచ్చినది.

2011లో ఐరోపాయందలి పై తరగతి క్లబ్బుల నష్టము మొత్తము మీద 170 కోట్ల యూరోలని ఐరోపా ఫుట్‌బాలు సమాఖ్య లెక్కకట్టినది. అప్పటికే మిషెల్ ప్లాతినీ అధ్యక్షతన ఆ సమాఖ్య క్రొత్త నియమమునకు రూపకల్పన చేసియుండెను. దాని సారాంశము గృహస్థులందరును ఎరిగినదే: ఆటవలన వచ్చిన ఆదాయమునకు ఆటపై పెట్టిన వ్యయము మించరాదు. మొదటి విడత పరీక్షలో 4 కోట్ల 50 లక్షల యూరోల లోటు వరకు యజమాని స్వయముగా పూడ్చినచో మన్నించిరి. మైదానము కట్టుటకు, బాలురకు శిక్షణ ఇచ్చుటకు చేసిన ఖర్చును లోటుగా ఎంచలేదు. ఇది మెచ్చదగిన వివేకము. విత్తనమునకు పెట్టిన ధనమును దుబారాగా ఎవరు లెక్కింతురు? 2014లో మాంచెస్టరు సిటీ, పారిసు సాంజెర్మేను క్లబ్బులకు ఒక్కొక్కదానికి 6 కోట్ల యూరోల జరిమానా విధించిరి. అందులో 4 కోట్లు షరతులు పాటించినచో మాఫీ. 2017 నాటికి ఖండమునందలి క్లబ్బులన్నియు కలిసి నష్టమునుండి లాభములోనికి వచ్చినవి. 2022లో నియమమును మార్చి, ఆటగాండ్ర జీతములు, కొనుగోళ్ళు, దళారుల రుసుములు కలిపి ఆదాయములో ఇంత భాగమునకు మించరాదనిరి. 2023–24లో నూటికి 90, మరుసటి యేడు 80, ఆపై 70.

ఇంగ్లండు ప్రీమియర్ లీగు 2013లో తన నియమమును తాను చేసికొన్నది. మూడేండ్లలో 10 కోట్ల 50 లక్షల పౌనులకు మించి నష్టము రాకూడదని అది విధించెను. ఎవర్టను క్లబ్బు ఆ హద్దును 1 కోటి 95 లక్షల పౌనులు దాటినదని 2023 నవంబరులో 10 పాయింట్లు తీసివేసిరి. అప్పీలుపై దానిని 6కు తగ్గించిరి. 2024 ఏప్రిలులో మరియొక లెక్కకు మరి 2 తీసిరి. తప్పు జరిగినది పద్దుల పుస్తకములో. శిక్ష పడినది ఆటల పట్టికలో. పద్దు వ్రాసినవారు వేరు. వానలో తడియుచు నిలుచుండి ఆట చూచినవారు వేరు.

ఇందు మరియొక చిక్కు కలదు. ఒక ఆటగానిని 10 కోట్లకు కొని ఐదేండ్లకు ఒప్పందము చేసికొన్నచో, లెక్కలో ఏటికి 2 కోట్లే ఖర్చు. ఇది కనిపెట్టి కొన్ని క్లబ్బులు ఏడెనిమిదేండ్ల ఒప్పందములు వ్రాయసాగగా, 2023లో లెక్కకు ఐదేండ్లే పరిమితి అని కట్టడి చేయవలసివచ్చినది. అమ్మకము సంగతి ఇంతకంటె విచిత్రము. పరులవద్ద కొనిన ఆటగానిని అమ్మినప్పుడు కొన్న ధరలో మిగిలిన భాగము తీసివేసి లాభము కట్టుదురు. చిన్ననాటినుండి తామే పెంచిన కుర్రవానికి కొన్న ధర లేదు గనుక, వచ్చినదంతయు లాభమే. అనగా లెక్క సరిచేసికొనుటకు సులభోపాయము ఊరి బిడ్డను అమ్ముటయే.

నాటింగ్‌హాము ఫారెస్టు క్లబ్బు కథ ఇందుకు నిదర్శనము. బ్రెన్నన్ జాన్సను అచట బాల్యమునుండి పెరిగినవాడు. అతని తండ్రియు ఆ క్లబ్బునకే ఆడినవాడు. లెక్కల గడువు 2023 జూను 30వ తేదీ. గడువులోపల అతనిని తక్కువ ధరకు అమ్ముటకు క్లబ్బు ఇష్టపడలేదు. సెప్టెంబరు 1న ఎక్కువ ధరకే టాటెన్‌హామునకు అమ్మినది. వర్తకదృష్టితో చూచినచో అది తెలివైన పని. కాని ఆ డబ్బు గడువు దాటి వచ్చినందున ఆ సంవత్సరపు లెక్కలో చేరలేదు. 2024 మార్చిలో 4 పాయింట్లు పోయినవి. బిడ్డయు పోయెను, పాయింట్లును పోయెను.

మరియొక ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. ఆదాయమునుబట్టి ఖర్చు అన్నప్పుడు, ఆదాయము గలవాడే ఎల్లప్పుడును ఎక్కువ ఖర్చు చేయగలడు. నిన్నటి విజేతలకు అభిమానులు ఎక్కువ, ప్రకటనలు ఎక్కువ, రాబడి ఎక్కువ. చిన్న క్లబ్బు ధనవంతుని అండతో పైకి రాదలచినచో నియమము అడ్డుపడును. పెద్దవారి పీటలను నియమమే కాపాడుచున్నదని చిన్నవారు మొరపెట్టుటలో సత్యము లేకపోలేదు. ఐనను ధనవంతుని అండ ఎంతకాలమో ఎవరు చెప్పగలరు? అతడు విసిగి వెడలిపోయిన దినమున, అతడు వ్రాసిన ఒప్పందములు మాత్రము క్లబ్బు నెత్తిపై మిగులును.

బెరీకి సంభవించినది సరిగా ఇదియే. ఆ క్లబ్బు ఆడిన తరగతికిని నియమము లేకపోలేదు. రాబడిలో సుమారు సగమునకు మించి జీతములకు వాడరాదనుటయే అది. కాని యజమాని తన చేతినుండి వేయు ధనమును మొత్తముగా జీతములకు వాడుకొనవచ్చును. ఆ ధనము వచ్చినంతకాలము లెక్క సరిపోయినది. ఆగిన నాడు కూలినది. హద్దు ఎంత అని అడిగిన నియమము, ఆ ధనము రేపును వచ్చునా అని అడుగలేదు.

ఈ కథ తెలుగునేలకు దూరమైనది కాదు. 2019లో స్థాపింపబడిన హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేత అయినది. రెండేండ్లలోపలనే జీతములు బాకీపడినవి. ఆటగాండ్రు ఒక్కరొక్కరుగా వెడలిపోయిరి. క్రొత్తవారిని చేర్చుకొనరాదని ప్రపంచ సమాఖ్య నిషేధించినది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరును మార్చుకొన్నది. ఆ లీగులోను ఆటగాండ్ర జీతములకు పరిమితి ఉండెను. ఎంతకు మించి ఇయ్యరాదో చెప్పిన నియమము, ఇత్తుమన్నది ఇచ్చుచున్నారా అని చూచుటకు చాలలేదు.

కనుక ఈ చరిత్ర బోధించునది ఒకటి కలదు. ఏడాది గడచిన పిమ్మట పద్దులు చూచి పాయింట్లు తీయు నియమము శిక్షించగలదు గాని రక్షింపలేదు. దేవాలయమునకు ధర్మకర్త ఎట్టివాడో ఊరి క్లబ్బునకు యజమాని అట్టివాడు. తాళపుచెవులు అతనివద్ద ఉండును. దేవుడు అతని సొత్తు కాడు. తాళపుచెవులు ఇచ్చుటకు ముందే అతని శక్తిని, నడవడిని విచారింపవలెను. ఇచ్చిన పిమ్మట ఏడాది పొడవునను కనిపెట్టియుండవలెను. ఆ కనిపెట్టువారు క్లబ్బులచే ఎన్నుకొనబడినవారు కారాదు. బెరీ పతనానంతరము ఇంగ్లండులో జరిగిన చర్చ ఈ దారినే నడచినది. 2025 జూలైలో అచటి పార్లమెంటు చేసిన చట్టము రాజముద్ర పొందినది. దాని ప్రకారము స్వతంత్రాధికారి ఒకరు పై అయిదు తరగతుల క్లబ్బులకు లైసెన్సు ఇచ్చి, యజమానుల యోగ్యతను, ధనము వచ్చు మార్గమును పరీక్షింపవలెను. ఆ చట్టము కాగితముపై ఎంత గట్టిదో ఆచరణలోను అంత గట్టిదగునా అనునది కాలమే తేల్చవలెను.

బెరీ ప్రజలు చట్టము కొరకు వేచియుండలేదు. ప్రభుత్వ సహాయముతోను, తమ చందాలతోను 2022లో గిగ్ లేన్ మైదానమును కొనిరి. వేర్వేరుగా ఉన్న అభిమాన సంఘములు 2023లో ఏకమైనవి. ఆ యేడే పాత పేరుతో, పాత మైదానమున ఆట మరల మొదలైనది. వెనుకటి తరగతికి అది ఎన్నియో మెట్లు క్రింద. ఐనను 2019లో తాము ఊడ్చిన ఆ మెట్లపైననే వారు తిరిగి కూర్చుండిరి. ఈసారి ఆ మైదానము వారిదే.