కడిగితే కనబడే బొమ్మ

“మా తాతది అంకుల్. లోపల చూస్తే మొత్తం చీకటే ఉంది” అంటూ ఆ అమ్మాయి సంచిలోంచి కెమెరా తీసి అద్దాల బల్ల మీద పెట్టింది. హైదరాబాద్ కోఠీలో ఒక కెమెరా షాపు అది, నేనూ అక్కడే ఉన్నాను. షాపాయనకు అరవై దాటి ఉంటాయి. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని, లివర్ లాగి, బటన్ నొక్కి విన్నాడు. “షట్టర్ మంచిగనే ఉందమ్మా. అద్దం పైకి పోయి అంటుకుంది, కిందికి వస్తలేదు.” లెన్సు విప్పి చూపించాడు. అద్దం లేచి తగిలే చోట దెబ్బ పడకుండా సన్నటి స్పాంజి ముక్క ఒకటి ఉంటుంది. ఇన్నేళ్లకు అది కరిగి తారులా తయారైంది. వేలు పెడితే నల్లగా అంటుకుంది.

పెంటాక్స్ కె1000 అది. 1976లో మొదలై 1997 దాకా తయారైన కెమెరా. బ్యాటరీ లేకపోయినా నడుస్తుంది, బ్యాటరీ అవసరమల్లా వెలుతురు కొలిచే ముల్లుకే. మిగతాదంతా పళ్ల చక్రాలు, స్ప్రింగులు, రెండు గుడ్డ తెరలు. షాపాయన ఇయర్‌బడ్‌ని స్పిరిట్‌లో ముంచి ఆ జిగురు తుడవడం మొదలుపెట్టాడు. “అరగంట కూర్చోమ్మా” అన్నాడు. అమ్మాయి కూర్చుని అడిగింది: “రీలు వేస్తే ఫోటోలు వస్తయా అంకుల్? ఎక్కడ కడుగుతరు ఇప్పుడు?”

ఆ మాట విని ఎన్నాళ్లయిందో. మన ఊళ్లలో రీలు ‘డెవలప్’ చేయించినవాళ్లు లేరు, అందరూ కడిగించారు. పెళ్లి ఫోటోలు కడిగించారా, ఇంకో రెండు కాపీలు కడిగించు అని అక్షరం ముక్క రానివాళ్లు కూడా అనేవారు. ఆ మాటలో ఉన్నంత సైన్సు ఇంగ్లీషు మాటలో లేదు. బొమ్మ తీయడం సెకనులో అరవయ్యో వంతు పని, మిగతాదంతా నీళ్లలో జరిగే పని.

రీలులోని పట్టీ మీద జెలటిన్ పొర ఉంటుంది. పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీసే జెలటినే, జెల్లీలో వేసేదే. ఆ పొరలో కంటికి ఆననంత చిన్న సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు కోట్లకొద్దీ చెదిరి ఉంటాయి. వెలుతురు వచ్చి తగిలితే స్ఫటికంలో ఒక ఎలక్ట్రాన్ విడిపోతుంది. ఆ ఎలక్ట్రాన్‌ని ఒక వెండి అయాన్ అందుకుని వెండి పరమాణువుగా మారుతుంది. అలాంటి పరమాణువులు నాలుగు ఒకచోట చేరితే చాలు, ఆ స్ఫటికానికి గుర్తు పడినట్టే. ఇదెలా జరుగుతుందో 1938లో గర్నీ, మాట్ అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు వివరించారు. కోట్లాది అయాన్ల మధ్య నాలుగు పరమాణువులు ఏ కంటికి కనబడతాయి? బొమ్మ ఉంది, కానీ లేదు. కడగకుండా పెట్టె అడుగున ఏళ్ల తరబడి పడి ఉన్నా, కాస్త మసకబారినా అలాగే ఉంటుంది.

కడిగేవాడి పని అక్కడ మొదలవుతుంది. డెవలపర్ ద్రావణం గుర్తు పడిన స్ఫటికాలను ఏరుకుని, ఒక్కో స్ఫటికాన్నీ మొత్తంగా వెండిగా మార్చేస్తుంది. గుర్తు లేనివాటి జోలికి పోదు. నాలుగు పరమాణువుల గుర్తు ఆ ద్రావణంలో సుమారు వంద కోట్ల రెట్లు పెరిగి నల్లటి వెండిగా కంటికి కనబడుతుంది. ఇంత పెద్ద గుణకారాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో, కుళాయి నీళ్ల పక్కన, పదో తరగతితో చదువు ఆపేసిన స్టూడియో కుర్రాడు రోజూ చేసేవాడు.

తర్వాతది హైపో. మిగిలిపోయిన వెండి లవణాన్ని కరిగించి తీసేసే ద్రావణం ఇది. దీనికి ఆ గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు, అప్పటికి ఫోటోగ్రఫీయే పుట్టలేదు. హైపో పడకపోతే బొమ్మ వెలుతురులోకి రాగానే నల్లబడిపోతుంది. వాడేసిన హైపోలో వెండి మిగిలి ఉంటుంది, అందుకే ఆ పాత హైపోను కొనుక్కుపోయి వెండి తీసుకునేవాళ్లుండేవారు. చివరగా మంచినీళ్లలో కడుగు. ఎండాకాలంలో ఆ నీళ్లే పెద్ద తలనొప్పి. వేడి నీటిలో జెలటిన్ ఉబ్బి, మెత్తబడి, పట్టీ నుంచి ఊడొస్తుంది. మే నెలలో డార్క్‌రూముకు మంచుగడ్డ తెప్పించుకోవాల్సి వచ్చేది అందుకే.

కడగడం, తీయడం మొదట్లో ఒకరి చేతిలోనే ఉండేవి. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన రాజా దీన్‌దయాళ్ కాలమది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడాయన. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళను నియమించాడు. ఆయన బొమ్మలు గాజు పలకల మీదివి. అలాంటి 2,857 పలకలు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజు బరువు, గాజు పగులుతుంది, అయినా ఆ వెండి ఇంకా అక్కడే ఉంది.

ఆ రెండు పనుల్నీ విడదీసినవాడు అమెరికాలోని రాచెస్టర్‌లో బ్యాంకు గుమస్తాగా పనిచేసిన జార్జ్ ఈస్ట్‌మన్. 1888లో ఆయన అమ్మిన మొదటి కోడాక్ కెమెరా ఖరీదు 25 డాలర్లు. లోపల 100 బొమ్మలకు సరిపడా చుట్ట. అన్నీ తీసేశాక కెమెరాను కెమెరాగానే రాచెస్టర్‌కు పోస్టు చేయాలి. 10 డాలర్లిస్తే వాళ్లు కడిగి, అచ్చు వేసి, కొత్త చుట్ట వేసి తిరిగి పంపేవారు. మరుసటి ఏడాది పారదర్శకమైన సెల్యులాయిడ్ పట్టీ వచ్చింది. బటన్ నొక్కడం జనం పని, కడగడం మరొకరి పని. మన వీధి మూలన వెలసిన ప్రతి కలర్ ల్యాబుకూ మూలం ఆ ఏర్పాటే.

ఈస్ట్‌మన్‌కు అంతకుముందే ఒక పెద్ద దెబ్బ తగిలింది. 1882లో ఆయన అమ్మిన పలకలు పనిచేయడం మానేశాయి. వెతగ్గా వెతగ్గా తేలింది, లోపం జెలటిన్‌లో ఉందని. కానీ ఒక జెలటిన్ మంచిదెందుకైంది, ఇంకొకటి చెడ్డదెందుకైంది? ఆ రహస్యం తెలియడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది. 1920లలో కోడాక్ పరిశోధనశాలలో శామ్యూల్ షెపర్డ్ దాన్ని పట్టుకున్నాడు. మంచి జెలటిన్‌లో గంధకం ఉన్న పదార్థం లేశమాత్రంగా ఉంటుంది. ఆవాల ఘాటుకు కారణమైన నూనె కూడా ఆ జాతిదే. పశువులు ఆవమొక్కలు మేస్తే అది వాటి తోళ్లలోకి, ఎముకల్లోకి, అక్కడినుంచి జెలటిన్‌లోకి చేరుతోంది. ఆ లేశమే స్ఫటికానికి వెలుతురును పట్టే చురుకుదనం ఇస్తోంది. ఆవులకు ఆవమొక్కలు నచ్చకపోతే మనం సినిమా చూసేవాళ్లమే కాదని ఆ పరిశోధనశాల అధిపతి కెనెత్ మీస్ అనేవాడట. పోపులో చిటపటలాడే గింజకూ వెండితెరకూ ఇంత చుట్టరికం ఉందని తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే ఆలోచన రాలేదు.

ఆ అమ్మాయి తెచ్చిన కెమెరాకు అసలు తండ్రి ఆస్కార్ బార్నాక్. జర్మనీలోని వెట్స్‌లార్‌లో, మైక్రోస్కోపులు చేసే లైట్జ్ కంపెనీలో పనిచేసేవాడు. ఉబ్బసం మనిషి, బరువైన పలకల కెమెరా మోసుకుని కొండలెక్కలేకపోయాడు. సినిమా కోసం వచ్చిన 35 మిల్లీమీటర్ల పట్టీని తీసుకుని, సినిమాలో నిలువుగా నడిచే దాన్ని అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును ఒక్క బొమ్మకిచ్చాడు. 24 బై 36 మిల్లీమీటర్లు. ఆ కొలత ఈనాటి డిజిటల్ కెమెరాల్లో కూడా ‘ఫుల్ ఫ్రేమ్’ పేరుతో బతికే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అడ్డొచ్చి, 1925లో గానీ లైకా అనే ఆ కెమెరా లైప్‌జిగ్ సంతలో జనం ముందుకు రాలేదు. 1934లో కోడాక్ చిన్న డబ్బాలో చుట్టిన రీలు తెచ్చింది. పగటి వెలుతురులోనే కెమెరాలో వేసుకోవచ్చు.

పట్టీకి రెండు అంచులా చిల్లులుంటాయి, ఒక్కో బొమ్మకు ఎనిమిది. ఆ చిల్లుల్లో పళ్ల చక్రం పడి పట్టీని లాగుతుంది. పట్టీ కొస చుట్టుకునే కడ్డీలో సరిగ్గా ఇరుక్కోకపోతే చక్రం లాగినా లాభం లేదు. మా అక్క సీమంతానికి అరువు తెచ్చిన కెమెరాతో నేను 36 బొమ్మలు తీశాను. లివర్ మామూలుగానే కదిలింది, లెక్క చూపే అంకె కూడా తిరిగింది. కడిగించాక నారింజరంగు పట్టీ మీద ఒక్క బొమ్మ లేదు. కొస జారిపోయింది, రీలు డబ్బాలోంచి కదలనే లేదు. ఆ రోజు అమ్మమ్మ గాజులు తొడిగి, ఏదో మాటకు నోరారా నవ్వింది. ఆమె నవ్వుతున్న ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ లేదు.

మన దేశంలో రీలు తయారుచేసే ప్రయత్నం కూడా జరిగింది. ఊటీలో చల్లదనం, దుమ్ము లేని గాలి చూసి 1960లో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ను స్థాపించారు. ‘ఇందు’ పేరుతో అక్కడినుంచి నలుపు తెలుపు రీళ్లు, ఎక్స్‌రే ఫిల్ములు వచ్చాయి. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో బీరువా పైఅరలో ఉండేది. రీలుకు పన్నెండే బొమ్మలు. పండక్కి ఒక రీలు వేస్తే మళ్లీ పండగ దాకా నడిచేది.

రంగుల రీళ్లను ఊరూరా అందుబాటులోకి తెచ్చింది 1972లో వచ్చిన సి-41 పద్ధతి. ఎవరి రీలైనా అవే ద్రావణాలు, 37.8 డిగ్రీల వేడి, డెవలపర్‌లో 3 నిమిషాల 15 సెకన్లు. రంగు నెగటివ్‌లో చివరికి వెండి మిగలదు. వెండి ఏర్పడిన చోటల్లా రంగు పుడుతుంది, తర్వాత ఆ వెండిని కడిగేస్తారు. పని చేసిపెట్టి వెళ్లిపోయే అతిథి అది.

ఇంతలో రాచెస్టర్‌లోనే, 1975లో, స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజినీరు డిజిటల్ కెమెరా తయారుచేశాడు. ఒక్క బొమ్మను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ముప్ఫయ్యేళ్లు తిరిగేసరికి దాని సంతతి రీలును కూలదోసింది. 2012 జనవరిలో కోడాక్ దివాలా పిటిషన్ వేసింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కడిగే యంత్రంలోని ద్రావణం తొట్టిలో పోసి దాచుకునేది కాదు. రీళ్లు పడుతూ ఉంటే కొత్త మందు కలుస్తూ ఉంటుంది, సత్తువ నిలుస్తుంది. పడకపోతే గాలి తగిలి పాడవుతుంది. రోజుకు యాభై రీళ్లు వచ్చే ల్యాబుకు నాలుగే వస్తే, ఆ నాలుగూ కూడా బాగా రావు. బాగా రాకపోతే ఆ నలుగురూ మళ్లీ రారు. మన కలర్ ల్యాబులు మూతపడింది ఈ సుడిగుండంలోనే. ఫ్యాక్టరీదీ అదే బాధ. రాచెస్టర్‌లో నాలుగడుగులు దాటిన వెడల్పున్న పట్టీకి కటిక చీకట్లో పొరలు పూసే యంత్రం ఉంది. కోట్ల రీళ్ల కోసం కట్టిన ఆ యంత్రాన్ని పదిమంది కోసం నడపలేరు. దాన్ని ఆగకుండా కాపాడింది సినిమా. క్రిస్టఫర్ నోలన్, టరాంటినో లాంటి దర్శకులు పట్టుబట్టడంతో హాలీవుడ్ స్టూడియోలు ఫిల్ము కొంటామని కోడాక్‌తో ఒప్పందం చేసుకున్నాయి. ‘ఓపెన్‌హైమర్’ కోసం అదివరకు లేని 65 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మును కోడాక్ ప్రత్యేకంగా తయారుచేసింది.

ఈలోగా కుర్రకారు కూడా రీళ్ల వైపు వచ్చారు. కోడాక్ ఆపేసిన ఎక్టాక్రోమ్ రీలు 2018లో తిరిగొచ్చింది. లైకా 2022లో పాత ఎం6 కెమెరాను మళ్లీ చేసింది. ఇంగ్లండులోని హార్మన్ కంపెనీ 2023లో సొంతంగా రంగుల రీలు తెచ్చింది. 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరా మార్కెట్లోకి వచ్చింది. దాన్ని చేయడానికి కంపెనీ పాత తరం ఇంజినీర్ల అనుభవాన్ని కొత్తవాళ్లకు అందించాల్సి వచ్చింది. చేత్తో లాగే లివర్ ఎలా చేయాలో కాగితం మీద ఉన్నది చాలలేదన్నమాట. ఆ కబురు చదివినప్పుడు నాకు కోఠీలోని ఈ బల్లే గుర్తొచ్చింది. గిరాకీ ఉందా అని అందరూ అడుగుతారు. గిరాకీ ఉంది. తరిగిపోతున్నది చేతులు. షట్టర్ చప్పుడు విని జబ్బు చెప్పే చెవి, ద్రావణం రంగు చూసి వయసు చెప్పే కన్ను. కంపెనీ కొత్త కెమెరా చేయగలదు గానీ, ముప్ఫయ్యేళ్లు బల్ల వెనుక కూర్చున్న మనిషిని తయారుచేయలేదు. ఈ షాపుల్లో పని నేర్చుకునే కుర్రాళ్లు కనబడాలని నాకెంత కోరికో చెప్పలేను.

అరగంట అన్నది గంటయింది. షాపాయన కత్తెరతో కొత్త స్పాంజి సన్నగా కోసి, పట్టకారుతో అతికించి, బటన్ నొక్కాడు. అద్దం లేచి, వెంటనే దిగింది. అమ్మాయి కన్ను పెట్టి చూసి “కనిపిస్తుంది!” అంది.

డ్రాయరులోంచి ఒక రీలు తీసి ఆమె చేతికే ఇచ్చాడు. “నువ్వే ఎయ్యి.” కొస లాగి, కడ్డీ చీలికలో దూర్చి, చిల్లులు పళ్ల మీద కూర్చున్నాయో లేదో వంగి చూసి, ఆమె వెనుక తలుపు మూసింది.

“ఎడమ చేతి పక్క గుండీ ఉంది సూడు, రీలు ఎనక్కి చుట్టేది. దాన్ని మెల్లగ తిప్పి బిగించు, వదులు పోవాలె. ఆఁ, చాలు. ఇప్పుడు లివర్ లాగు. నువ్వు లాగుతుంటే అది తిరగాలె. తిరిగితే లోపల రీలు నడుస్తున్నట్టు.”

ఆమె లాగింది. ముగ్గురం ఆ గుండీ వంకే చూస్తున్నాం. అది అర చుట్టు తిరిగి ఆగింది.